యూనిట్ 7: డిజిటల్ సినిమా కెమెరాలు, అనుబంధ పరికరాలు – ఎంపిక, వినియోగం

విషయక్రమం

7.0 లక్ష్యాలు
7.1 ప్రస్తావన
7.2 ఫిల్మ్ నుంచి సెన్సర్ వరకు
7.3 సెన్సర్: పరిమాణం, రిజల్యూషన్
7.4 డైనమిక్ రేంజ్, ఐఎస్ఓ
7.5 బిట్ డెప్త్, లాగ్, రా, కోడెక్
7.6 షట్టర్, ఫ్లికర్, రోలింగ్ షట్టర్
7.7 కెమెరా చుట్టూ ఉండే పరికరాలు
7.8 డేటా పరిమాణం, భద్రత
7.9 కొనడమా, అద్దెకు తీసుకోవడమా?
7.10 సారాంశం
7.11 కీలక పదాలు
7.12 మీ ప్రగతిని పరీక్షించుకోండి – సమాధానాలు
7.13 నమూనా పరీక్ష ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరవాత మీరు:

• డిజిటల్ సినిమా కెమెరా వెలుతురును ఫైలుగా మార్చే క్రమాన్ని వివరించగలుగుతారు.
• డైనమిక్ రేంజ్, బిట్ డెప్త్, లాగ్, రా, కోడెక్ అనే మాటల అర్థాన్ని, వాటి ప్రయోజనాన్ని చెప్పగలుగుతారు.
• చిత్రీకరణలో జరిగే పొరపాట్లలో తరవాత సరిదిద్దగలిగేవాటినీ, సరిదిద్దలేనివాటినీ వేరుచేయగలుగుతారు.
• ఒక రోజు చిత్రీకరణకు ఎంత నిల్వ సామర్థ్యం కావాలో లెక్కగట్టగలుగుతారు.
• ఒక పరికరాన్ని కొనాలా, అద్దెకు తీసుకోవాలా అన్నది లెక్క ఆధారంగా నిర్ణయించగలుగుతారు.

7.1 ప్రస్తావన

కెమెరా కంపెనీలు ఏటా కొత్త మోడళ్లను విడుదల చేస్తున్నాయి. ప్రతి మోడల్‌తోపాటు ఒక వివరాల పట్టిక వస్తుంది. అందులో 6కె, 14 స్టాప్‌లు, 10 బిట్, డ్యుయల్ బేస్ ఐఎస్ఓ వంటి మాటలు ఉంటాయి. ఈ పట్టికను చూసి అప్పు చేసి కెమెరా కొన్నవారు మీలోనే కొందరు ఉండవచ్చు. కొన్న ఏడాదికే ఇంకో మోడల్ వస్తుంది. పాత కెమెరా పనికిరానిదైపోయిందేమోనన్న బెంగ మొదలవుతుంది.

ఈ పట్టికను చదవడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. చిత్రీకరణలో జరిగే పొరపాట్లు రెండు రకాలు. మొదటి రకం, తరవాత ఎడిటింగ్‌లోనో, పరిశ్రమలో డీఐ అని పిలిచే రంగుల సవరణలోనో దిద్దుకోగలిగేవి. రెండో రకం, ఆ క్షణం దాటిపోతే ఎవరూ దిద్దలేనివి. పరికరాన్ని ఎంచుకునేటప్పుడు మన డబ్బు, శ్రద్ధ రెండో రకం పొరపాట్లను నివారించడానికి ముందుగా ఖర్చుకావాలి. ఈ యూనిట్ అంతటికీ ఇదే ఆధార సూత్రం.

సినిమా సెట్‌లో షాట్ బాగా రాకపోతే ఇంకో టేక్ తీసుకోవచ్చు. కాని తెలుగునాట కెమెరా వృత్తిలో ఉన్నవారిలో చాలామందికి పెళ్లిళ్లు, సభలు, వార్తలు, ఉత్సవాలే జీవనాధారం. పెళ్లిలో జీలకర్ర-బెల్లం పెట్టే ముహూర్తం రెండోసారి రాదు. అందువల్ల ఈ యూనిట్‌లో పెళ్లి చిత్రీకరణను ప్రధాన ఉదాహరణగా తీసుకుంటున్నాం. తెల్లని మధుపర్కాలు, మెరిసే నగలు, ఎల్‌ఈడీ అలంకరణ దీపాలు, గాలిలోకి ఎగిరే తలంబ్రాలు, పక్కనే ఫొటోగ్రాఫర్ ఫ్లాష్ – కెమెరాకు ఇంతకన్న కఠినమైన పరీక్ష మరొకటి ఉండదు.

7.2 ఫిల్మ్ నుంచి సెన్సర్ వరకు

35 ఎంఎం ఫిల్మ్‌లో అడుగుకు 16 ఫ్రేములు ఉంటాయి. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున తీస్తే నిమిషానికి 90 అడుగులు ఖర్చవుతుంది. వెయ్యి అడుగుల రోల్ సుమారు 11 నిమిషాలకు అయిపోతుంది. ఆ రోల్ ల్యాబ్‌కు వెళ్లి, డెవలప్ అయ్యి, రషెస్ వచ్చేవరకు ఏమి తీశామో ఎవరికీ తెలియదు. అందుకే కెమెరా నడవకముందే రిహార్సల్స్ జరిగేవి, లైట్ మీటర్‌తో కొలతలు తీసేవారు.

డిజిటల్ మార్పు క్రమంగా జరిగింది. దానిలోని ముఖ్యమైన మలుపులు ఇవి:

• 2002లో వచ్చిన ‘స్టార్ వార్స్: అటాక్ ఆఫ్ ది క్లోన్స్’ చిత్రాన్ని సోనీ సంస్థ హెచ్‌డీ కెమెరాతో తీశారు. అది సెకనుకు 24 ఫ్రేములు నమోదు చేయగల డిజిటల్ కెమెరా.
• 2007లో రెడ్ వన్ కెమెరా మార్కెట్‌లోకి వచ్చింది. 4కె చిత్రాన్ని కుదించిన రా రూపంలో నమోదు చేయడం దీని ప్రత్యేకత.
• 2008లో వచ్చిన కానన్ 5డీ మార్క్ 2 అనే స్టిల్ కెమెరా ఫుల్ హెచ్‌డీ వీడియో కూడా తీసింది. పెద్ద సెన్సర్ ఇచ్చే మసకబారిన నేపథ్యం చిన్న బడ్జెట్ వారికి మొదటిసారి అందుబాటులోకి వచ్చింది.
• చాలా భాగం డిజిటల్‌లో తీసిన ‘స్లమ్‌డాగ్ మిలియనీర్’కు 2009లో ఆంథనీ డాడ్ మాంటిల్ ఉత్తమ ఛాయాగ్రహణ ఆస్కార్ అందుకున్నారు.
• 2010లో ఆరి సంస్థ అలెక్సాను విడుదల చేసింది. ఫిల్మ్‌తో దశాబ్దాలపాటు పనిచేసిన ఛాయాగ్రాహకులు కూడా ఆ తరవాత డిజిటల్ వైపు మొగ్గారు. 2015లో వచ్చిన ‘బాహుబలి’ని కె.కె. సెంథిల్ కుమార్ అలెక్సా కెమెరాతోనే చిత్రీకరించారు.
• 2013లో ఫ్యూజీఫిల్మ్ సినిమా చిత్రీకరణకు వాడే ఫిల్మ్ తయారీని ఆపివేసింది. కొడాక్ మాత్రం కొనసాగిస్తోంది.
• 2022లో వచ్చిన ఆరి అలెక్సా 35కు 17 స్టాప్‌ల డైనమిక్ రేంజ్ ఉందని సంస్థ ప్రకటించింది.
• 2023లో వచ్చిన ‘ది క్రియేటర్’ అనే హాలీవుడ్ చిత్రాన్ని ప్రధానంగా సోనీ ఎఫ్ఎక్స్3 అనే చిన్న కెమెరాతో తీశారు. అదే ఏడాది వచ్చిన ఐఫోన్ 15 ప్రోలో లాగ్ వీడియో సదుపాయం చేరింది.
• 2024లో రెడ్ సంస్థను నికాన్ కొనుగోలు చేసింది.

ఈ క్రమంలో గమనించవలసిన విషయం ఒకటుంది. మొదట్లో పెద్ద కెమెరాకూ చిన్న కెమెరాకూ మధ్య ఉన్న దూరం చాలా ఎక్కువ. ఇప్పుడు అది బాగా తగ్గింది. ‘ది క్రియేటర్’ను చూసి ఆ కెమెరా కొంటే చాలుననుకోకూడదు. ఆ చిత్రం వెనుక అనుభవజ్ఞులైన ఛాయాగ్రాహకులు, ఎంచుకున్న లెన్సులు, సుదీర్ఘమైన గ్రాఫిక్స్ పని ఉన్నాయి. కెమెరా చిన్నదైతే మిగతా పని చిన్నది కాదు.

7.3 సెన్సర్: పరిమాణం, రిజల్యూషన్

లెన్స్ ద్వారా వచ్చిన వెలుతురు సెన్సర్ మీద పడుతుంది. సెన్సర్ మీద లక్షలాది ఫోటోసైట్లు ఉంటాయి. వీటిని వాన నీరు పట్టే గిన్నెలతో పోల్చవచ్చు. వెలుతురు పడినకొద్దీ ప్రతి గిన్నెలో విద్యుదావేశం నిండుతుంది. గిన్నె పెద్దదైతే ఎక్కువ నీరు పడుతుంది, త్వరగా పొర్లదు.

సాధారణంగా వాడే సెన్సర్ పరిమాణాలు మూడు. మైక్రో ఫోర్ థర్డ్స్ సుమారు 17 × 13 మి.మీ., సూపర్ 35 సుమారు 25 × 19 మి.మీ., ఫుల్ ఫ్రేమ్ 36 × 24 మి.మీ. ఉంటాయి. సూపర్ 35, ఫుల్ ఫ్రేమ్‌ల అసలు కొలతలు కెమెరాను బట్టి కొద్దిగా మారతాయి. ఫుల్ ఫ్రేమ్‌లో 50 ఎంఎం లెన్స్ చూపే దృశ్య విస్తృతిని సూపర్ 35లో పొందాలంటే సుమారు 35 ఎంఎం లెన్స్ కావాలి. ఇరుకైన కల్యాణ మండపంలో, వేదికకు నాలుగడుగుల దూరంలో నిలబడవలసి వచ్చినప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది.

రిజల్యూషన్ అంటే చిత్రంలోని బిందువుల సంఖ్య. వాడుకలో 4కె అని పిలిచే యూహెచ్‌డీలో అడ్డంగా 3840, నిలువుగా 2160, మొత్తం 82,94,400 బిందువులు ఉంటాయి. ఒకే పరిమాణమున్న రెండు సెన్సర్లలో ఒకదానిపై ఎక్కువ ఫోటోసైట్లు పెడితే ఒక్కొక్క గిన్నె చిన్నదవుతుంది. అందువల్ల ‘కె’ పెరిగితే నాణ్యత దానంతట అదే పెరగదు. 6కె చిత్రం తీసి 4కెలో ఇస్తే ఫ్రేమును సరిదిద్దుకునే వెసులుబాటు లభిస్తుంది. ఇది మంచిదే. కాని ఫోకస్ తప్పిన 6కె షాట్, ఫోకస్ కుదిరిన హెచ్‌డీ షాట్ ముందు నిలవదు. ఫోకస్ తప్పడం దిద్దలేని పొరపాటు.

7.4 డైనమిక్ రేంజ్, ఐఎస్ఓ

ఒకే ఫ్రేములో వివరం కోల్పోకుండా కెమెరా చూపగలిగే అతి తక్కువ, అతి ఎక్కువ వెలుతురుల మధ్య నిష్పత్తిని డైనమిక్ రేంజ్ అంటారు. దీన్ని స్టాప్‌లలో కొలుస్తారు. ఒక స్టాప్ పెరిగితే వెలుతురు రెట్టింపు అయినట్టు. 10 స్టాప్‌లంటే 1 : 1,024 నిష్పత్తి. 14 స్టాప్‌లంటే 1 : 16,384. అంటే నాలుగు స్టాప్‌ల తేడాలో సామర్థ్యం 16 రెట్లు పెరిగింది. కొత్త కెమెరాలు సాధించిన నిజమైన ప్రగతి ఇక్కడ ఉంది.

గిన్నె నిండి పొర్లిపోతే ఎంత పొర్లిందో చెప్పలేం. అలాగే ఫోటోసైట్ నిండిన తరవాత పడిన వెలుతురుకు లెక్క ఉండదు. మధుపర్కాల మడతలు, నేత కనిపించవలసిన చోట తెల్లని మచ్చ మాత్రమే మిగులుతుంది. దీన్నే మనం ‘బర్న్ అయింది’ అంటాం. డీఐలో వెలుతురు తగ్గిస్తే ఆ తెల్లదనం బూడిదరంగుకు మారుతుందే తప్ప నేత తిరిగి రాదు. నీడ భాగాల సంగతి వేరు. అక్కడ కొంత సమాచారం మిగిలే ఉంటుంది. వెలుతురు పెంచితే నాయిస్ కనిపించినా కొంతవరకు వివరం దక్కుతుంది.

ఐఎస్ఓ విషయంలో చాలామందికి ఒక అపోహ ఉంది. ఐఎస్ఓ పెంచితే సెన్సర్ ఎక్కువ వెలుతురు పట్టదు. ఫిల్మ్ మారిస్తే స్పీడ్ మారినట్టు ఇక్కడ సెన్సర్ మారదు. మొత్తం రేంజ్‌లో మధ్యస్థ బూడిదకు పైన ఎన్ని స్టాప్‌లు, కింద ఎన్ని స్టాప్‌లు ఉండాలన్న పంపకమే ప్రధానంగా మారుతుంది. ప్రతి కెమెరాకూ ఈ పంపకం అనుకూలంగా ఉండే ఒక బేస్ ఐఎస్ఓ ఉంటుంది.

కొన్ని కెమెరాలకు రెండు బేస్ ఐఎస్ఓలు ఉంటాయి. బ్లాక్‌మేజిక్ పాకెట్ సినిమా కెమెరా 4కెలో ఇవి 400, 3200. సోనీ మొదటి వెనిస్ కెమెరాలో 500, 2500. సోనీ ఎఫ్ఎక్స్3లో ఎస్-లాగ్3 వాడినప్పుడు 800, 12800. రెండో బేస్‌కు మారినప్పుడు సెన్సర్ నుంచి వచ్చే సంకేతాన్ని వేరే మార్గంలో పెంచుతారు. అందువల్ల నాయిస్ అదుపులో ఉంటుంది. రాత్రి ఊరేగింపును తీసేటప్పుడు ఎఫ్ఎక్స్3ను 6400 వద్ద పెట్టడం కన్న 12800 వద్ద పెట్టి, ఎక్కువైన ఒక స్టాప్‌ను ఎపర్చర్‌తో తగ్గించుకోవడం చాలాసార్లు మేలు చేస్తుంది.

వెలుతురును కంటితో అంచనా వేయకండి. మండపంలోని వెలుగును బట్టి మానిటర్ మసకగానో ప్రకాశవంతంగానో కనిపిస్తుంది. జీబ్రా గీతలు, వేవ్‌ఫామ్, ఫాల్స్ కలర్ అనే కొలమానాలు మాత్రం మోసం చేయవు. ముహూర్తానికి ముందే తెల్లని వస్త్రాన్ని అదే దీపాల కింద ఉంచి, జీబ్రా గీతలు ఎక్కడ మొదలవుతున్నాయో చూసుకోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1

సూచన: (అ) కింద ఇచ్చిన ఖాళీ స్థలంలో మీ సమాధానాలు రాయండి. (ఆ) వాటిని యూనిట్ చివర ఇచ్చిన సమాధానాలతో పోల్చి చూసుకోండి.

1. 12 స్టాప్‌ల డైనమిక్ రేంజ్ అంటే ఎంత నిష్పత్తి?
2. ఐఎస్ఓ పెంచినప్పుడు సెన్సర్ ఎక్కువ వెలుతురును పట్టుకుంటుందా?

7.5 బిట్ డెప్త్, లాగ్, రా, కోడెక్

ఫోటోసైట్‌లో నిండిన ఆవేశాన్ని అంకెగా మార్చాలి. ఆ అంకెకు ఎన్ని మెట్లు ఉండాలో బిట్ డెప్త్ నిర్ణయిస్తుంది. 8 బిట్‌లో ఒక్కొక్క రంగుకు 256 మెట్లు, 10 బిట్‌లో 1,024 మెట్లు, 12 బిట్‌లో 4,096 మెట్లు ఉంటాయి. 8 బిట్‌లో తీసిన సాయంత్రపు ఆకాశాన్ని డీఐలో సవరించబోతే రంగులు మెల్లగా కలిసిపోకుండా పట్టీలుపట్టీలుగా విడిపోతాయి. దీన్ని బ్యాండింగ్ అంటారు.

మెట్లను ఎలా పంచాలన్నది తరవాతి ప్రశ్న. వెలుతురును ఉన్నదున్నట్టు లీనియర్‌గా నమోదు చేస్తే, 12 బిట్‌లోని 4,096 మెట్లలో అత్యంత ప్రకాశవంతమైన స్టాప్ ఒక్కటే 2,048 మెట్లు తీసుకుంటుంది. తరవాతి స్టాప్‌కు 1,024, ఆ తరవాత 512, 256, 128, 64. ఏడో స్టాప్‌కు వచ్చేసరికి 32 మాత్రమే మిగులుతాయి. పంక్తిలో మొదట కూర్చున్నవారికే సగం వంట వడ్డించినట్టు ఉంటుంది ఇది. లాగ్ పద్ధతి ఈ వడ్డనను సరిచేస్తుంది. ప్రతి స్టాప్‌కు దాదాపు సమానంగా మెట్లు కేటాయిస్తుంది. 10 బిట్ లాగ్‌లో 14 స్టాప్‌లను సమానంగా పంచితే ఒక్కొక్కదానికి సుమారు 73 మెట్లు వస్తాయి. లాగ్ చిత్రం వెలిసిపోయినట్టు కనిపించడానికి కారణం ఇదే. అది పూర్తయిన చిత్రం కాదు, సవరణకు సిద్ధంగా ఉంచిన చిత్రం.

రా ఫైలు సెన్సర్ ఇచ్చిన సమాచారాన్ని రంగుల చిత్రంగా మార్చకముందే దాచుతుంది. అందువల్ల వైట్ బ్యాలెన్స్‌ను, చాలా కెమెరాలలో ఐఎస్ఓను కూడా తరవాత మార్చుకోవచ్చు. కోడెక్ అంటే చిత్రాన్ని కుదించి దాచి, మళ్లీ విప్పే పద్ధతి. ప్రోరెస్ వంటి కోడెక్‌లలో ప్రతి ఫ్రేము విడిగా ఉంటుంది. ఫైలు పెద్దది, కాని కంప్యూటర్‌లో ఎడిటింగ్ తేలిక. హెచ్.264, హెచ్.265 కోడెక్‌ల సాధారణ రూపంలో కొన్ని ఫ్రేములే పూర్తిగా ఉంటాయి. మిగతావాటికి మార్పులు మాత్రమే నమోదవుతాయి. ఫైలు చిన్నది, కాని కంప్యూటర్‌పై భారం ఎక్కువ.

మరి రా ఎప్పుడు వాడాలి? ఆ మరునాడే క్లిప్పులు అడిగే పెళ్లివారికి రా తీసి ప్రయోజనం లేదు. డీఐ చేయించే స్తోమత, సమయం ఉన్న చిత్రానికి రా ఉపయోగపడుతుంది. రెండింటికీ మధ్య 10 బిట్ లాగ్ ఉంది. పనిచేసే కెమెరా ఆపరేటర్‌కు చాలా సందర్భాల్లో అది సరిపోతుంది. అయితే ఒక హెచ్చరిక. బర్న్ అయిన వెలుగును రా కూడా వెనక్కి తేలేదు.

7.6 షట్టర్, ఫ్లికర్, రోలింగ్ షట్టర్

సెకనుకు 24 ఫ్రేములతో, 180 డిగ్రీల షట్టర్ కోణంతో తీస్తే ఒక్కొక్క ఫ్రేముకు 1/48 సెకను వెలుతురు పడుతుంది. మన కంటికి అలవాటైన సినిమా చలనం ఇదే. కాని మన దేశంలో విద్యుత్ సరఫరా 50 హెర్ట్జ్. దీనివల్ల సాధారణ దీపాల వెలుతురు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. షట్టర్ కాలం 1/100 సెకనుకు పూర్ణ గుణిజంగా ఉంటే ప్రతి ఫ్రేముకూ సమానమైన వెలుతురు అందుతుంది. అందుకే 24 ఫ్రేముల వద్ద షట్టర్ కోణాన్ని 172.8 డిగ్రీలకు మార్చి 1/50 సెకను పొందుతారు. 25 ఫ్రేముల వద్ద 180 డిగ్రీలే 1/50 ఇస్తుంది.

తలంబ్రాలను స్లో మోషన్‌లో తీయాలనుకుందాం. సెకనుకు 100 ఫ్రేములు, 180 డిగ్రీలు అంటే 1/200 సెకను. 1/50తో పోలిస్తే రెండు స్టాప్‌ల వెలుతురు తగ్గింది. పైగా 1/200 అనేది 1/100కు గుణిజం కాదు, కాబట్టి ఫ్లికర్ వచ్చే అవకాశం ఉంది. షట్టర్‌ను 1/100కు మారిస్తే ఫ్లికర్ తప్పుతుంది, ఒక స్టాప్ తిరిగి వస్తుంది. ఎగిరే గింజల అంచులు మాత్రం కొంచెం మసకబారతాయి. ఆ ఒప్పందం మంచిదే. చవక ఎల్‌ఈడీ అలంకరణ దీపాలకు ఈ లెక్క వర్తించకపోవచ్చు. వాటి డిమ్మర్లు వేరే వేగంతో దీపాన్ని ఆర్పి వెలిగిస్తుంటాయి. మండపంలో దీపాలు వేసిన వెంటనే ఒక నిమిషం తీసి, పెద్ద మానిటర్‌పై చూడడం ఒక్కటే మార్గం. ఒకసారి నమోదైన ఫ్లికర్‌ను సాఫ్ట్‌వేర్ కొంత తగ్గిస్తుంది, పూర్తిగా తీసివేస్తుందన్న హామీ లేదు.

చాలా సెన్సర్లు ఫ్రేమును పై వరస నుంచి కింది వరసకు క్రమంగా చదువుతాయి. దీన్ని రోలింగ్ షట్టర్ అంటారు. కెమెరాను వేగంగా తిప్పితే స్తంభాలు వాలినట్టు కనిపించేది ఇందువల్లే. పక్కన ఫొటోగ్రాఫర్ ఫ్లాష్ కొట్టినప్పుడు మీ ఫ్రేములో పై సగమో కింది సగమో మాత్రమే తెల్లబడడానికీ కారణం ఇదే. గ్లోబల్ షట్టర్ ఉన్న కెమెరాలు మొత్తం ఫ్రేమును ఒకేసారి పడతాయి. 2020లో వచ్చిన రెడ్ కొమోడో దీనికి ఉదాహరణ. రోలింగ్ షట్టర్ కెమెరాలలో కూడా సెన్సర్‌ను చదివే వేగం ఒకదానికొకటి తేడాగా ఉంటుంది. కొనేముందు వేగంగా తిరిగే ఫ్యాన్‌ను తీసి చూస్తే ఈ తేడా తెలిసిపోతుంది.

7.7 కెమెరా చుట్టూ ఉండే పరికరాలు

లెన్సులు: కెమెరా శరీరం కన్న లెన్స్ ఆయుష్షు ఎక్కువ. ఎన్నో ఏళ్ల కిందటి లెన్సులతో నేటికీ సినిమాలు తీస్తున్నారు. లెన్స్ అమర్చే మౌంట్ నుంచి సెన్సర్ వరకు ఉండే దూరం పీఎల్ మౌంట్‌లో 52 మి.మీ., కానన్ ఈఎఫ్‌లో 44 మి.మీ., సోనీ ఈ మౌంట్‌లో 18 మి.మీ. దూరం తక్కువ ఉన్న కెమెరాకు మధ్యలో అడాప్టర్ పెట్టి, ఎక్కువ దూరానికి తయారైన లెన్స్‌ను వాడవచ్చు. దీనికి విరుద్ధంగా సాధ్యం కాదు. అందుకే లెన్స్ కొనేటప్పుడు రేపటి కెమెరాకు కూడా పనికివస్తుందా అని ఆలోచించాలి.

ఎన్‌డీ ఫిల్టర్లు: ఎండలో పెద్ద ఎపర్చర్ వాడడానికి ఇవి తప్పనిసరి. ఒక లెక్క చేద్దాం. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఐఎస్ఓ 800 వద్ద ఎఫ్ 16 ఎపర్చర్‌కు షట్టర్ సుమారు 1/800 కావాలి. మనకు 1/50 కావాలి, అంటే నాలుగు స్టాప్‌ల వెలుతురు ఎక్కువ. నేపథ్యం మసకగా రావాలని ఎఫ్ 4 పెడితే ఇంకో నాలుగు స్టాప్‌లు ఎక్కువ. మొత్తం ఎనిమిది స్టాప్‌లు తగ్గించాలి. ఎన్‌డీ 0.3 ఒక స్టాప్ తగ్గిస్తుంది, కాబట్టి ఎన్‌డీ 2.4 కావాలి. ఫిల్టర్ లేక షట్టర్‌ను 1/2000కు పెంచితే చలనం గిలగిలలాడుతుంది. ఆ సహజత్వాన్ని డీఐ తిరిగి ఇవ్వలేదు. సోనీ ఎఫ్ఎక్స్6లో ఎన్‌డీ లోపలే ఉంది, ఎఫ్ఎక్స్3లో లేదు. ధర పోల్చేటప్పుడు ఈ తేడాను కూడా లెక్కలో వేసుకోవాలి.

బ్యాటరీలు: బ్యాటరీ సామర్థ్యాన్ని వాట్-అవర్లలో కొలుస్తారు. కెమెరా, మానిటర్, వైర్‌లెస్ పరికరం కలిపి 60 వాట్లు వాడితే 98 వాట్-అవర్ల బ్యాటరీ సుమారు గంటన్నర వస్తుంది. విమాన ప్రయాణంలో విడి లిథియం బ్యాటరీలను చేతి సంచిలోనే తీసుకువెళ్లాలి. 100 వాట్-అవర్లు దాటినవాటికి విమాన సంస్థ అనుమతి కావాలి.

ట్రైపాడ్, గింబల్, లైట్లు: గింబల్ కెమెరా కుదుపును తగ్గిస్తుంది, కాని దేనిని ఎప్పుడు చూపాలో చెప్పదు. మంచి ఫ్లూయిడ్ హెడ్ ఉన్న ట్రైపాడ్ ముగ్గురు నలుగురు కెమెరాల జీవితకాలం పనిచేస్తుందంటే అతిశయోక్తి కాదు. ఎల్‌ఈడీ లైట్ కొనేటప్పుడు వాట్లతోపాటు రంగుల కచ్చితత్వాన్ని తెలిపే సీఆర్ఐ, టీఎల్‌సీఐ అంకెలు కూడా చూడాలి. ఇవి తక్కువగా ఉన్న లైట్ కింద చర్మం పాలిపోయి, పచ్చగా కనిపిస్తుంది. వైట్ బ్యాలెన్స్ మార్చినా అది పూర్తిగా కుదరదు, ఎందుకంటే ఆ వెలుతురులో కొన్ని రంగులు అసలు లేవు.

7.8 డేటా పరిమాణం, భద్రత

12 బిట్ రా చిత్రాన్ని ఏమాత్రం కుదించకుండా దాచితే ఎంత స్థలం కావాలి? 82,94,400 బిందువులు × 12 బిట్లు ÷ 8 = ఒక ఫ్రేముకు సుమారు 12.4 మెగాబైట్లు. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున గంటకు సుమారు 1,075 గిగాబైట్లు. అందుకే కుదింపు తప్పదు. యూహెచ్‌డీ ప్రోరెస్ 422 హెచ్‌క్యూకు 24 ఫ్రేముల వద్ద గంటకు సుమారు 318 గిగాబైట్లు పడుతుంది. సెకనుకు 100 మెగాబిట్ల హెచ్.265కు గంటకు 45 గిగాబైట్లు చాలు.

ఆరు గంటల పెళ్లికి ఒక కెమెరాతో మొదటి పద్ధతిలో సుమారు 1,900 గిగాబైట్లు, రెండో పద్ధతిలో 270 గిగాబైట్లు అవుతుంది. మూడు ప్రతులు ఉంచుకుంటే వరుసగా 5,700, 810 గిగాబైట్లు. కోడెక్‌ను ఎంచుకోవడమంటే హార్డ్ డిస్కుల ఖర్చును కూడా ఎంచుకోవడమే.

ఫిల్మ్ కాలంలో నెగటివ్ ఒకటి ఉండేది. చేతితో పట్టుకోవచ్చు, డబ్బాపై పేరు రాయవచ్చు. కార్డులో అలాంటి ఆధారం లేదు. పొరపాటున ఒక్క మీట నొక్కితే పెళ్లి మొత్తం పోతుంది. నేను పాఠం చెప్పిన రోజుల్లో ఒక విద్యార్థి కాపీ అయిందనుకొని కార్డును ఫార్మాట్ చేశాడు. మధ్యలో కేబుల్ కదలడంతో సగం ఫైళ్లే హార్డ్ డిస్కులోకి వెళ్లాయి. మిగిలిన సగంలో అప్పగింతలు ఉన్నాయి. ఆ పెళ్లి కొద్ది నెలలకే అమ్మాయి తండ్రి కాలంచేశారు. కూతురి చేతులు పట్టుకొని ఆయన నిలబడ్డ దృశ్యం వారికి దక్కలేదు. ఆ తరవాత ఏ తరగతిలోనూ నేను కెమెరా పాఠాన్ని లెన్స్‌తో మొదలుపెట్టలేదు, కాపీ చేసే పద్ధతితోనే మొదలుపెట్టాను.

పాటించవలసిన క్రమం ఇది:

1. వీలైతే రెండు కార్డుల స్లాట్లున్న కెమెరాను వాడి, రెండింటిలో ఒకేసారి నమోదు చేయండి.
2. నిండిన కార్డును వేరే రంగు సంచిలో వేసి, దాని లాక్ ఉంటే పెట్టండి.
3. మూడు ప్రతులు, రెండు వేర్వేరు పరికరాలు, ఒక ప్రతి వేరే చోట – ఇది 3-2-1 నియమం.
4. చెక్‌సమ్ సరిచూసే సాఫ్ట్‌వేర్‌తో కాపీ చేయండి. ఇది మూల ఫైలుకూ ప్రతికీ ఒక్క బిట్ తేడా ఉన్నా పట్టుకుంటుంది.
5. ప్రతులను తెరిచి చూసేవరకు కార్డును ఫార్మాట్ చేయకండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2

3. 50 హెర్ట్జ్ దీపాల కింద 25 ఫ్రేములతో తీసేటప్పుడు ఏ షట్టర్ వేగం సురక్షితం?
4. సెకనుకు 200 మెగాబిట్ల కోడెక్‌తో నాలుగు గంటలు తీస్తే ఒక ప్రతికి ఎంత స్థలం కావాలి?

7.9 కొనడమా, అద్దెకు తీసుకోవడమా?

లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. ఒక కెమెరా సెట్ ధర 4,00,000 రూపాయలు. మూడేళ్ల తరవాత అమ్మితే 1,60,000 వస్తుంది. ఈలోగా వడ్డీ, బీమా, మరమ్మతులకు 60,000 ఖర్చు. అంటే మూడేళ్లకు మనకు పడిన అసలు ఖర్చు 3,00,000. అదే సెట్ అద్దె రోజుకు 5,000 అయితే 60 రోజుల అద్దెతో ఇది సమానం. మూడేళ్లలో 150 రోజుల పని ఉంటే రోజుకు 2,000 పడుతుంది, కొనడం లాభం. 30 రోజుల పనే ఉంటే రోజుకు 10,000 పడుతుంది, అద్దెకు తీసుకోవడం లాభం. మీ ఊరి అద్దెలు, మీ పని రోజులు వేసి ఈ లెక్కను మీరే చేసుకోండి. ఆశించే రోజులను కాక, గత ఏడాది నిజంగా పనిచేసిన రోజులను తీసుకోండి. అప్పు ఇచ్చినవారు మన ఆశలను కాదు, వాయిదాలను లెక్కపెడతారు.

సాధారణంగా త్వరగా పాతబడేవాటిని అద్దెకు, నెమ్మదిగా పాతబడేవాటిని సొంతానికి తీసుకోవడం మేలు. కెమెరా శరీరం మొదటి కోవకు చెందుతుంది. లెన్సులు, ట్రైపాడ్, లైట్లు, ఎన్‌డీ ఫిల్టర్లు రెండో కోవకు చెందుతాయి. చేతిలో ఉన్న కెమెరాను మార్చాలనిపించినప్పుడు ఒక కాగితం తీసుకొని గత పది పనుల్లో ఏ షాట్లు చెడిపోయాయో, ఎందుకు చెడిపోయాయో రాయండి. కారణం ఫోకస్ అయితే సాధన కావాలి. ఫ్లికర్ అయితే షట్టర్ మార్చాలి. వెలుగు బర్న్ అవుతుంటే ముందు ఎక్స్‌పోజర్ కొలవడం నేర్చుకోవాలి. ఇవన్నీ సరిగా ఉండి, ఇంకా కెమెరా రేంజే చాలడం లేదని తేలితే, అప్పుడు కొత్త కెమెరా అవసరం నిజమైనది.

7.10 సారాంశం

డిజిటల్ కెమెరా వెలుతురును సెన్సర్‌పై పట్టి, అంకెలుగా మార్చి, కుదించి, ఫైలుగా దాచుతుంది. కొత్త కెమెరాలు డైనమిక్ రేంజ్‌ను, బిట్ డెప్త్‌ను, తక్కువ వెలుతురులో పనితీరును పెంచి సవరణకు వీలును విస్తరించాయి. అయినా బర్న్ అయిన వెలుగు, తప్పిన ఫోకస్, ఫ్లాష్ వల్ల సగం తెల్లబడిన ఫ్రేము, తప్పు షట్టర్ ఇచ్చిన చలనం, పోయిన ఫైలు తరవాత దిద్దలేనివి. రా వాడినప్పుడు వైట్ బ్యాలెన్స్, ఐఎస్ఓ వంటివి దిద్దగలిగేవి. కొనుగోలు, సాధన, జాగ్రత్త – మూడింటిలోనూ దిద్దలేని వాటికే మొదటి స్థానం ఇవ్వాలి.

7.11 కీలక పదాలు

స్టాప్: వెలుతురు రెట్టింపు లేదా సగం కావడాన్ని సూచించే కొలమానం.
లాగ్: అన్ని స్టాప్‌లకు దాదాపు సమానంగా మెట్లు పంచే నమోదు పద్ధతి.
రా: రంగుల చిత్రంగా మార్చకముందు దాచిన సెన్సర్ సమాచారం.
రోలింగ్ షట్టర్: సెన్సర్‌ను వరస తరవాత వరసగా చదివే విధానం.
చెక్‌సమ్: ప్రతి మూలంతో సమానంగా ఉందో లేదో తేల్చే అంకె.

7.12 మీ ప్రగతిని పరీక్షించుకోండి – సమాధానాలు

1. 1 : 4,096.
2. లేదు. మధ్యస్థ బూడిదకు పైన, కింద ఉండే స్టాప్‌ల పంపకమే ప్రధానంగా మారుతుంది.
3. 1/50 సెకను, అంటే 180 డిగ్రీల షట్టర్ కోణం.
4. సెకనుకు 25 మెగాబైట్లు, గంటకు 90 గిగాబైట్లు, నాలుగు గంటలకు 360 గిగాబైట్లు.

7.13 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. డైనమిక్ రేంజ్, బిట్ డెప్త్, లాగ్‌ల మధ్య సంబంధాన్ని ఉదాహరణలతో వివరించండి.
2. చిత్రీకరణలో దిద్దగలిగే, దిద్దలేని పొరపాట్లను వర్గీకరించి, పరికరాల ఎంపికలో ఈ వర్గీకరణ ఎలా ఉపయోగపడుతుందో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తులలో సమాధానం రాయండి.
1. ఫ్లికర్‌కు కారణమేమిటి? దాన్ని ఎలా నివారిస్తారు?
2. 3-2-1 నియమాన్ని వివరించండి.
3. మీ ప్రాంతంలోని ఒక కెమెరా సెట్ ధరను, అద్దెను తెలుసుకొని, కొనడం ఎన్ని రోజుల పనికి లాభమో లెక్కగట్టండి.